తెరచాప పడవకు కొత్త కుషన్లు కుట్టుకోవడం

హుసేన్‌సాగర్‌లో తిరిగే పడవకైనా ముందు తేల్చుకోవాల్సింది ఫోమ్ సంగతే. బయట కూర్చునే చోటికి నీరు పీల్చని ఈవీఏ (ఒక రకం గట్టి ఫోమ్) షీటు 2 అంగుళాలది చాలు. లోపల పడుకునే చోటికి 40 డెన్సిటీ (ఘనమీటరుకు 40 కిలోల బరువుండే) ఫోమ్, 4 అంగుళాలది తీసుకోండి. పలచటిది వేస్తే కొన్నాళ్లకే కింది చెక్క ఒంటికి గుచ్చుకుంటుంది.

పాత కుషన్ కుంగి, సాగి ఉంటుంది. దాన్ని చూసి కొలత తీయొద్దు. సీటు మీదే బ్రౌన్ పేపరు పరిచి గీయండి. పడవ గోడ వాలుగా ఉంటుంది కాబట్టి కుషన్ పైభాగం అడుగుకంటే వెడల్పు. రెండు కొలతలూ విడిగా రాసుకోకపోతే గోడ పక్కన సందు మిగులుతుంది.

మెత్తటి ఫోమ్‌ను కవర్‌కంటే అర అంగుళం పెద్దగా కోయండి, మూలలు నిండుగా వస్తాయి. గుడ్డకు చుట్టూ అర అంగుళం కుట్టుకు వదలండి. దారం పాలిస్టర్‌దే వాడాలి, నూలు దారం తడికి కుళ్లిపోతుంది. సూది 18 నంబరు, కుట్టు 4 మి.మీ.

అసలు పనితనమంతా మూల దగ్గరే. కుషన్ మందం చుట్టూ వచ్చే పక్క పట్టీకి కుట్టు గీత దాకా, గీత తెగకుండా, కత్తెరతో గాటు పెట్టండి. సూది గుడ్డలో దిగి ఉండగానే మిషన్ పాదం ఎత్తి గుడ్డను తిప్పండి. గాటు లేకపోతే అక్కడ ముడత ఖాయం.

జిప్ వెనక పట్టీలో వేసి, రెండు పక్కలకూ 4 అంగుళాలు మళ్లించండి. రన్నర్ ప్లాస్టిక్‌దైతే తుప్పు బాధ ఉండదు. ఫోమ్ లోపలికి జారకపోతే పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి తోసి, తర్వాత దాన్ని లాగేయండి.

వానాకాలంలో కుషన్లను నిలబెట్టి ఉంచండి. అడుగున గాలి ఆడకపోతే బూజు పడుతుంది.