మంచినీటి తొట్టి నుంచి పగడాల తొట్టికి – పాఠం 3: ఉప్పునీరు కలపడం

గత పాఠంలో తొట్టిని ఖాళీ చేశాం. పాత గులకరాళ్లు, కొయ్యముక్కలు, మొక్కలు బయటికి పోయాయి. గాజు తొట్టి, స్టాండు, హీటర్ మిగిలాయి. గులకరాళ్లను శుభ్రంగా కడిగి మళ్లీ వేసుకోకూడదా అని ఇంకా మనసు పీకుతున్నవాళ్లకు ఒక మాట. చేపలకు జబ్బు చేసినప్పుడు మీరు ఎప్పుడైనా రాగి ఉన్న మందు వాడి ఉంటే, ఆ రాగి రాళ్లను పట్టుకుని ఉండి, తర్వాత మెల్లగా నీటిలోకి దిగుతుంది. చేప తట్టుకోగల మోతాదు నత్తలనూ రొయ్యలనూ పగడాలనూ చంపేస్తుంది. ఆ గులకరాళ్ల మీద ఆశ వదులుకోండి.

తొట్టిలో ఎన్ని లీటర్ల నీరు పడుతుందని ఇంటిపనిగా ఇచ్చిన లెక్కకు జవాబు: 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 32 ఎత్తు వరకు నీరు అంటే 57.6 లీటర్లు. రాళ్లూ ఇసుకా ఆక్రమించే చోటు తీసేస్తే సుమారు 50 లీటర్లు మిగులుతుంది. ఇకపై మన లెక్కలన్నీ ఈ 50 మీదే.

ముందు నీటి సంగతి. మంచినీటి చేపలకు కుళాయి నీటిలో క్లోరిన్ పోగొడితే సరిపోయేది. ఇక్కడ సరిపోదు. కుళాయి నీటితో వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్‌లు నాచుకు మేత. మొక్కలున్న తొట్టిలో వాటిలో కొంత మొక్కలు తినేసేవి, ఇప్పుడు ఆ మొక్కలు లేవు. అందుకే ఆర్‌ఓ పొరతో వడగట్టి, ఆపై డీఐ రెజిన్ (మిగిలిన అయాన్లను పట్టుకునే గుళికలు) గుండా పంపిన నీరు వాడాలి. నీటిలో కరిగి ఉన్న పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే 0 చూపాలి. ఇంట్లో తాగునీటికి వాడే ఆర్‌ఓ యంత్రాన్ని గుడ్డిగా నమ్మవద్దు. రుచి కోసం ఖనిజాలను మళ్లీ కలిపే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంటుంది.

ఇక ఉప్పు. వంట ఉప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. మంచినీటి చేపల జబ్బులకు మీరు వాడిన అక్వేరియం ఉప్పు కూడా అంతే, పేరు చూసి మోసపోకండి. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్‌తోపాటు లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400కు కాస్త పైన కాల్షియం, ఇంకా పొటాషియం, బైకార్బనేట్లు ఉంటాయి. రాతి పగడాల అస్థిపంజరం కాల్షియం కార్బనేట్. అది కట్టుకోవడానికి సరుకు నీటిలోంచే రావాలి. కాబట్టి పగడాల తొట్ల కోసమే తయారైన రీఫ్ సాల్ట్ కొనండి.

కలిపే పద్ధతిలో ఒక నియమం ఉంది. నీటిలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీరు పోయకూడదు. ఉప్పు మీద కొద్దిగా నీరు పడితే అక్కడ గాఢత విపరీతంగా పెరిగి, కాల్షియం కార్బనేట్ తెల్లటి పొడిగా విడిపోతుంది. అలా విడిపోయింది మళ్లీ కరగదు.

శుభ్రమైన బకెట్లో కొలిచిన నీరు తీసుకోండి. హీటర్‌తో 25 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, చిన్న పవర్‌హెడ్ (నీటిలో మునిగి పనిచేసే పంపు) వేసి నీటిని తిప్పండి. లీటరుకు సుమారు 36 నుంచి 40 గ్రాముల ఉప్పు పడుతుంది. సరైన మోతాదు సంచి మీద ఉంటుంది, అయినా కాస్త తక్కువతోనే మొదలుపెట్టండి. గుప్పెడు గుప్పెడుగా వేస్తుంటే నీరు మొదట పాలలా తెల్లబడుతుంది, అడుగున పలుకులు దొర్లుతూ కనిపిస్తాయి. కొన్ని గంటల్లో పలుకులు పోయి బకెట్ అడుగు స్పష్టంగా కనబడాలి. మర్నాటికీ మబ్బుగానే ఉండి, గోడలకు తెల్లటి పొర అంటితే ఆ నీరు పారబోయండి. రాళ్లూ ప్రాణులూ లేని ఈ మొదటిసారి మాత్రం నేరుగా తొట్టిలోనే కలుపుకోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడైనా బకెట్లోనే.

మన లక్ష్యం లవణత 35, అంటే కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల లవణాలు. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రతలో (మంచినీటి కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెలో) చెబితే 1.026. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ (నీటిచుక్కలో కాంతి వంగే తీరును బట్టి లవణత చూపే పరికరం) కొనమనే నా సలహా. దాన్ని ఉత్త నీటితో సున్నాకు సరిచేసి ఊరుకోకండి, 35 లవణత ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర తప్పు చూపవచ్చు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరే మీ దగ్గర ఉంటే, ముల్లుకు అంటిన గాలిబుడగలను తట్టి వదిలించాకే అంకె చూడండి. బుడగలు ముల్లును పైకి లేపి, లేని ఉప్పును చూపిస్తాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది నీరు కలపడంలో కాదు, ఆవిరి దగ్గర. చిన్న తొట్టిలో అయితే మరీను. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. మన 50 లీటర్లలో 1,750 గ్రాముల ఉప్పు ఉందనుకోండి. 5 లీటర్లు ఆవిరైతే అదే ఉప్పు 45 లీటర్లలో మిగిలి, లవణత 39కి చేరువవుతుంది. అప్పుడు తగ్గిన మేరకు ఉప్పునీరు పోశారా, మరో 175 గ్రాములు చేర్చినట్టే. రెండోసారీ అలాగే చేస్తే తొట్టి నిండుగా కనిపిస్తూనే లవణత 42 అవుతుంది. చేపలు కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు, నత్తలూ పగడాలూ ఓర్చుకోవు.

ఆవిరైన మేరకు పోయాల్సింది ఉప్పు లేని ఆర్‌ఓ డీఐ నీరే. నీటి మట్టం దగ్గర గాజు మీద బయటివైపు సన్నని టేపు అంటించి, రోజూ ఒకే వేళకు ఆ గీత దాకా నింపండి. మట్టం తగ్గగానే తనంతట తానే నింపే పరికరాలు ఉన్నాయి, రోజువారీ పని మరచిపోయే స్వభావం మీదైతే తప్పక పెట్టించుకోండి. ఉప్పునీరు పోసేది తొట్టిలోంచి ఉప్పునీటిని మీరే బయటికి తీసినప్పుడు, అంటే నీరు మార్చినప్పుడు మాత్రమే.

వచ్చే పాఠంలో రాళ్లు పేర్చి, అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను పెంచుతాం. దానికి వారాలు పడుతుంది కాబట్టి చేపలను ఇప్పుడే తెచ్చిపెట్టుకోకండి. ఈలోగా తొట్టిని ఉప్పునీటితో నింపి, హీటర్, పవర్‌హెడ్ నడుపుతూ వారం పాటు రోజూ లవణత రాసుకోండి.

ఇంటిపని: 40 లీటర్ల తొట్టిలో లవణత 35 ఉంది. ఒకరు 4 లీటర్ల ఉప్పునీరు తీసి, పొరపాటున 4 లీటర్ల మంచినీరు పోశారు. ఇప్పుడు లవణత ఎంత? తొట్టిలో నేరుగా ఉప్పు వేయకుండా, ఆవిరినే వాడుకుని దాన్ని మళ్లీ 35కు ఎలా తెస్తారు?