అమ్మ షుగర్ లెక్క ఫోన్‌లో పెట్టడం ఎలా

పోయిన మే నెలలో ఒకరోజు అమ్మ ఫోన్ చేసి "ఏటి నాయినా, మూడొందల పన్నెండు చూపిస్తంది" అంది. అమ్మ కవిటి దగ్గర కొబ్బరితోటలో ఉంటుంది, నేను శ్రీకాకుళంలో. టెన్షన్‌తో చెప్పులేసుకుని బస్సుకి బయలుదేరిపోయాను, సగం దారిలో తట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది: పనసపండు కోసి తొనలు ఒలిచిన చేత్తోనే వేలు గుచ్చుకుంది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని మళ్లీ చూస్తే 148. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, పండు రసం పూర్తిగా పోదు, నీళ్లూ సబ్బూ కావాల్సిందే. యాప్ గురించి చెప్తానని ఇదేంటి అంటారేమో, తప్పు అంకె ఎక్కిస్తే ఎంత మంచి యాప్ అయినా తప్పుడు గ్రాఫే గీస్తుంది. రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే గట్టిగా పెట్టేయండి, మన సముద్రపు గాలి తేమకి అవి త్వరగా పాడవుతాయి.

ఇక యాప్. ఫలానాదే వేసుకోండని చెప్పను. షుగర్ చూసే మీటర్‌కి బ్లూటూత్ ఉంటే ఆ కంపెనీ యాప్ వేసుకోవడం సుఖం, అంకెలు వాటంతటవే ఎక్కుతాయి. లేకపోతే చేత్తో ఎక్కించే ఏ యాప్ అయినా పర్లేదు. వేసుకోగానే సెట్టింగ్స్‌లో కొలత చూడండి, కొన్ని యాప్‌లు మన మిల్లీగ్రాముల లెక్క కాకుండా మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి. 7.8 అని కనిపిస్తే దాన్ని 18తో గుణించాలి, అంటే 140. తర్వాత గురి. చాలామంది పెద్దవాళ్లకి పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు అని పెడతారు, కానీ వయసు పైబడినా, కిడ్నీ, గుండె జబ్బులున్నా డాక్టర్లు దాన్ని కాస్త సడలిస్తారు. యాప్ తనంతట తాను గీసే ఎర్రగీత తీసేసి మీ డాక్టరు చెప్పిన అంకెలు పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒట్టి అంకె రాయకండి. 190 అని ఒక్కటే ఉంటే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. "చోడి (రాగి) అంబలి రెండు గ్లాసులు, తర్వాత నడవలేదు, 190" అని ఉంటే అప్పుడు దానికో అర్థం ఉంది. తిన్నాక రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటినుంచి, చేయి కడుక్కున్నప్పటినుంచి కాదు. తిండి పేర్ల దగ్గర యాప్‌లు మనకి పెద్దగా ఉపయోగపడవు, పిజ్జా వందరకాలు ఉంటాయి, చోడి అంబలి ఉండదు. నేను చేసిందేంటంటే, అమ్మ రోజూ తినే గిన్నెలో పట్టే అన్నాన్ని ఒకసారి త్రాసు మీద తూచి, "అమ్మ గిన్నె" అని యాప్‌లో ఒక కొత్త పదార్థంగా సేవ్ చేశాను. ఇప్పుడు అర గిన్నె, ముప్పావు గిన్నె అని రాస్తే చాలు.

చేతి బ్యాండ్ అడుగులు లెక్కపెట్టేది చేతి ఊపుని బట్టి. నెత్తి మీద బిందె పట్టుకుని నడిస్తే తక్కువ చూపిస్తుంది, గతుకుల రోడ్డులో బండి మీద కూర్చుంటే కొన్ని ఊరికే కలిపేస్తుంది. పదివేల అడుగులు అనేది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, శాస్త్రం తేల్చిన గీత కాదు, దాన్ని చూసి దిగులు పడక్కర్లేదు. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవడం మంచి గురి, దానికితోడు తిన్నాక పది పదిహేను నిమిషాల నడక త్వరగా ఫలితం చూపిస్తుంది. నమ్మకపోతే పరీక్షించండి: ఒకే టిఫిన్, మూడు రోజులు తిన్నాక కూర్చుని, మూడు రోజులు తిన్నాక తోటలో నడిచి, రెండు గంటలకి చూడండి. మా అమ్మకి నేను పదేళ్లు చెప్పినా వినని మాట ఆ ఆరు అంకెలు చెప్పాయి. తోటలో సిగ్నల్ లేకపోయినా ఫర్వాలేదు, బ్యాండ్ తనలో దాచుకుని ఇంటికొచ్చాక ఫోన్‌కి పంపుతుంది.

గుచ్చకుండానే షుగర్ చూపిస్తామని అమ్మే వాచీలు, ఉంగరాలు కొనకండి. అలాంటివి దేనికీ అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. చేతికి అతికించే సెన్సర్ వేరే సంగతి, అది చర్మం కిందికి సన్నని తీగ దింపి కొలుస్తుంది, రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది.

యాప్ హెచ్‌బీఏ1సీని, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష అంకెని, అంచనా వేసి చూపిస్తే సంబరపడిపోకండి. మీరు ఎక్కించిన అంకెలతోనే అది లెక్క కడుతుంది, పరగడుపువే ఎక్కిస్తే తక్కువే వస్తుంది. మూడు నెలల అసలు సంగతి ల్యాబ్‌లోనే తెలుస్తుంది.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ బిళ్ల లాంటి షుగర్‌ని బాగా దించే మందులు వాడేవాళ్లకి 70 కన్నా తగ్గితే మోగే అలారం, లేదా కనీసం ఇంట్లోవాళ్లకి ఒక్క నొక్కుతో వెళ్లే కాల్ పెట్టండి. చెమటలు, వణుకు వస్తే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి, యాప్‌లో తర్వాత రాసుకోవచ్చు. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

మన ఉద్దానం వాళ్లకి, అంటే కవిటి చుట్టుపక్కల వాళ్లకి, ఇంకొక మాట. షుగర్ లేనివాళ్లకే కిడ్నీలు పాడవుతున్న చోటు ఇది, కాబట్టి యాప్‌లో కిడ్నీ పరీక్షలైన క్రియాటినిన్‌కీ యూరిన్ అల్బుమిన్‌కీ చోటు పెట్టుకోండి, మోకాళ్ల నొప్పికి షాపులో కొనుక్కుని మింగిన ప్రతి బిళ్ల కూడా రాయండి, అవీ కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు. అమ్మ ఆ చివరిది రాయడానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

మందుల అలారం నెలరోజులు మోగలేదని ఒకసారి చూసుకున్నాను. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే యాప్‌ని ఆపేస్తోంది, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేస్తే సరిపోయింది. డాక్టరు దగ్గరికి ఫోన్ తీసుకెళ్లి గ్రాఫులు జరుపుతూ కూర్చోకండి, ఆయనకి అంత తీరిక ఉండదు. ఆఖరి పద్నాలుగు రోజులది ఒక పేజీ ప్రింట్ తీసి, మీకు అర్థంకాని రెండు అంకెలకి సున్నా చుట్టి ఇవ్వండి.

ఒక నోటుబుక్కు కూడా ఉండనివ్వండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చిపోయాయి. అమ్మ నోటుబుక్కు బియ్యం డబ్బా మీద ఉంటుంది, పక్కనే మీటరు.