పాత ఫియట్ ముందు భాగానికి గ్యాస్ పెట్టనివ్వకండి

పోయిన నెల మా స్నేహితుడి ప్రీమియర్ పద్మిని (అదే, పాత ఫియట్ కారు) ఒక టిఫిన్ హోటల్ ముందు కూలబడింది. పార్కింగ్‌లోంచి వెనక్కి తీసి రోడ్డు మీదికి తిప్పుతుంటే టక్కుమని చప్పుడైంది. దిగి చూస్తే కుడి చక్రం రోడ్డు వైపు, ఎడమ చక్రం హోటల్ గోడ వైపు చూస్తున్నాయి. అప్పుడు బండి వేగం పది కూడా లేదు. అరగంట ముందు అదే బండి, భార్యాపిల్లలతో సహా, హైవే మీద 70లో వచ్చింది.

విరిగింది ఎడమ చక్రం వైపు స్టీరింగ్ ఆర్మ్, అంటే చక్రాన్ని పక్కకి తిప్పే ఉక్కు చేయి. ఆ ముక్క ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. విరిగిన చోట సగానికి పైగా నల్లగా, తుప్పు పట్టి, సన్నటి అలల గీతలతో ఉంది. మిగతాది పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. మెరిసేది ఆ రోజు విరిగిన భాగం. నల్లటిది ఏనాడో పగిలి, వానలకి తడుస్తూ లోపలికి పాకుతూ వచ్చింది. హైవే మీద వాళ్ళు వచ్చింది ఆ మెరిసే కాస్త ఇనుము మీదే. పక్కన పెయింటు గీకితే కింద నీలం, గోధుమ రంగు చారలు కనిపించాయి, ఉక్కు కాలిన గుర్తులు. అడిగితే గుర్తు చేసుకుని చెప్పాడు: మూడేళ్ళ కింద సస్పెన్షన్ అంతా కొత్తగా చేయించినప్పుడు టై రాడ్ ఎండ్ (ఆర్మ్‌ని స్టీరింగ్ కడ్డీకి కలిపే జాయింటు) ఊడి రాలేదట. ఆర్మ్ కూడా కొంచెం వంగి ఉందట. "సార్, కొంచెం గ్యాస్ పెడితే రెండూ అయిపోతాయి" అన్నాడట మెకానిక్. గ్యాస్ పెట్టడమంటే గ్యాస్ మంటతో కాల్చడం. అయిపోయాయి.

సంక్రాంతికి ఊరికి పాత బండిలోనే వెళ్ళాలని ఇప్పుడు చాలామంది షెడ్లలో పడి ఉన్నారు. స్టీరింగ్ తేలిక చేయాలి, ముందు భాగం ఊగకూడదు, వీలైతే డిస్క్ బ్రేకులు కూడా. బాగానే ఉంది. జాకీ కింద స్టాండు పెట్టండి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి లాంటివి మీకు తెలుసు, నేను చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: స్టీరింగ్ చక్రం నుంచి టైరు దాకా మధ్యలో ఉన్న ఏ ముక్కకీ మంట పెట్టనివ్వకండి.

ఎందుకంటే ఆ ముక్కలు మామూలు ఇనుము కాదు. స్టీరింగ్ ఆర్మ్, డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే చేయి), కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన పిన్ను) మోసే స్టబ్ యాక్సిల్ (చక్రం తగిలించే ఇరుసు), స్ప్రింగులు... వీటిని కంపెనీలో వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ కొలత ప్రకారం వేడి చేసి గట్టిదనం తెప్పిస్తారు. షెడ్డులో గ్యాస్ పెట్టి ఎర్రబడే దాకా కాల్చారంటే 700 డిగ్రీల దగ్గరికి వెళ్ళినట్టే. అక్కడితో ఆ గట్టిదనం పోతుంది. కాల్చి నీళ్ళు పోశారా, ఇంకా ఘోరం, గాజులా పెళుసవుతుంది. వెల్డింగ్ సంగతీ అంతే. అతుకు విరగదు, అతుకు పక్కన విరుగుతుంది. అందుకే "చూడండి సార్, అతుకు ఎంత గట్టిగా ఉందో" అని సుత్తితో కొట్టి చూపిస్తే నమ్మకండి. పైగా ఒక కోటు నల్ల పెయింటు పడితే ఇవేవీ కంటికి కనపడవు.

మంట లేకుండా టేపర్ (ఆర్మ్ రంధ్రంలో, అంటే కన్నులో, బిగుసుకున్న టై రాడ్ ఎండ్ పిన్ను) ఊడదా అంటే, ఊడుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి పెట్టండి. నట్టు పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు వదిలేయండి. ఆర్మ్ కన్నుకి ఒక వైపు బరువైన సుత్తి ఆనించి, ఎదురు వైపు నుంచి ఇంకో సుత్తితో గట్టిగా ఒక్కటివ్వండి. పిన్ను మీద కాదు, ఆర్మ్ కన్ను పక్కన. నాలుగైదు దెబ్బల్లో టప్పుమని వదులుతుంది. వదలకపోతే పుల్లర్ బిగించి, ఆ బిగువు మీద మళ్ళీ కొట్టండి. కింగ్ పిన్ రాకపోతే స్టబ్ యాక్సిల్‌ని విప్పి హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికి పట్టుకెళ్ళండి. లాకు పిన్ను తీశారో లేదో చూసుకున్నాకే ప్రెస్ నొక్కించండి. అరపూట ఆలస్యమవుతుంది, అంతే.

స్ప్రింగుల దగ్గర ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ఫియట్ ముందు వైపు రెండు విష్‌బోన్ల (చక్రాన్ని పట్టుకునే పై, కింది చేతుల) మధ్య కాయిల్ స్ప్రింగు ఉంటుంది. బండి కిందికి కూర్చుంటే స్టైలుగా ఉంటుందని స్ప్రింగుకి ఉన్నచోటే గ్యాస్ చూపించి కుంగదీసేవాళ్ళు ఉన్నారు. ఒక చుట్టు కోసేవాళ్ళూ ఉన్నారు. కుంగిన స్ప్రింగు ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకా కుంగుతుంది, రెండు వైపులా ఒకేలా కుంగదు. కావలసిన ఎత్తుకి కొత్తది చుట్టించుకోండి. పాతది తీసేటప్పుడు చక్రం గాల్లో వేలాడుతున్నా అందులో కొన్ని వందల కిలోల బలం దాగి ఉంటుందని మర్చిపోకండి. ఎదురెదురుగా రెండు కంప్రెసర్లు (స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్లు), స్ప్రింగు చుట్టూ ఒక గొలుసు. ముఖం ఎప్పుడూ పక్కకి.

అంబాసిడర్ వాళ్ళు మాకు స్ప్రింగులే లేవు అనుకోకండి. ముందున్న టార్షన్ బార్లే (మెలి తిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలే) మీ స్ప్రింగులు. వాటి మీద ఒక గాటు పడినా అక్కడే పగులు మొదలవుతుంది. సుత్తి, వెల్డింగ్, వైస్ పళ్ళు, ఏవీ తగలకూడదు. ఇన్నాళ్ళూ ఒకే దిశలో మెలి తిరిగిన బార్లవి, కుడిది ఎడమకి మార్చకండి.

ఇక కొత్త సామాను. చిన్న కార్ల నుంచి ర్యాక్ (అడ్డంగా జరిగే పళ్ళ కడ్డీ ఉన్న స్టీరింగ్) తెచ్చి ఫియట్‌కి పెట్టాలని చాలామందికి మోజు. ర్యాక్ చివరి జాయింట్లు విష్‌బోన్ల లోపలి పివోట్లతో సరిపడాలి. సరిపడకపోతే గుంతలో పడ్డ ప్రతిసారీ మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. యాక్సిల్‌కి ముందు ఉండాల్సిన ర్యాక్‌ని వెనక పెట్టి, ఎడమకి తిప్పితే కుడికి పోయే బండిని నేను కళ్ళారా చూశాను. నవ్వుకున్నాం కానీ దాన్ని రోడ్డెక్కించి ఉంటే? ర్యాక్ పట్టాలంటే స్టీరింగ్ ఆర్మ్ పొట్టి చేయాలి, వంచాలి అంటారు. మళ్ళీ అదే మంట. ఒప్పుకోకండి. వేరే ఆర్మ్ కావాలంటే మంచి ఉక్కు దిమ్మ నుంచి మిల్లింగ్ చేయించి, వేడి ప్రక్రియ తెలిసిన చోట గట్టిపరచండి. అంత ఖర్చు వద్దనుకుంటే పాత స్టీరింగ్ బాక్సునే సర్దుబాటు చేసి, ఐడ్లర్ (అవతలి వైపు స్టీరింగ్ కడ్డీని మోసే చేయి) బుష్‌లు, టై రాడ్ ఎండ్లు మార్చండి. నా లెక్కలో పది బండ్లలో ఎనిమిదింటికి అంతకు మించి అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెడుతుంటే ఆల్టర్నేటర్ ఉండాలి. పాత డైనమో ఆ కరెంటు ఇవ్వలేదు. స్టీరింగ్ కాలమ్ షాఫ్టుని కోసి అతికించనివ్వకండి, పళ్ళున్న జాయింటు వాడండి.

మీ బండికి 50 ఏళ్ళు దాటి, 2021 నిబంధనల కింద వింటేజ్ నంబరు తీసుకునే ఆలోచన ఉంటే బాడీ షెల్ కోయకముందే ఆగండి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్లలో మార్పులు చేసిన బండ్లకి అది రాదు.

మిగిలినవి గబగబా చెబుతాను.

షాక్ అబ్జార్బర్‌కి పొరపాటున కూడా మంట తగలనివ్వకండి. పేలొచ్చు.

స్ప్లిట్ పిన్నులు (నట్టు వదులవకుండా దూర్చేవి) కొత్తవే. పాతది చక్కగా తిన్నగా చేసి మళ్ళీ దూర్చొద్దు.

క్యాజిల్ నట్టులో (స్ప్లిట్ పిన్ను దూర్చే గాళ్ళున్న నట్టు) రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించండి. వదులు చేసి కలపొద్దు.

బోల్టు తల మీద 8.8 లాంటి, బలం తెలిపే అంకె లేకపోతే అది ఈ పనికి పనికిరాదు. బుట్టలోంచి ఏరిన బోల్టు అసలే వద్దు.

రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు.

ఒక్కరే బిగించాలి. ఇద్దరు బిగిస్తే ఎవడో బిగించాడని ఇంకొకడు వదిలేస్తాడు. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటుతో గీత.

స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి బ్రేకు హోసు టైరుకి రాసుకుంటుందేమో చూడండి. చక్రాలు వేలాడుతున్నప్పుడు ఒకసారి, నేల మీద ఇంకోసారి.

తుక్కులో కొన్న ఆర్మ్ అయితే పెయింటు పూర్తిగా గీకండి. నీలం కనపడితే పారేయండి. అతుకు కనపడితే పారేయండి. అమ్మినవాడు ప్రమాణం చేసినా పారేయండి.

ఎలైన్‌మెంట్ అయ్యాకే రోడ్డు. మొదటి రోజు ఖాళీ గ్రౌండు, తర్వాత 40 లోపు. పిల్లల్ని ఎక్కించొద్దు.

100 కిలోమీటర్ల తర్వాత అన్నీ మళ్ళీ పానతో చూడండి.

టీ తాగడానికి షెడ్డు వదిలి వెళ్ళకండి. వెళ్ళక తప్పకపోతే, తిరిగొచ్చేసరికి గ్యాస్ సిలిండర్ మీ బండి దగ్గరికి జరిగిందేమో చూడండి. జరిగి ఉంటే ఏ ముక్కకి పెట్టారో చెప్పించి, ఆ ముక్క విప్పించండి.