శుక్లం ఆపరేషన్‌కి ముందు రెప్పలు చూడండి, తర్వాత నొప్పి అడగండి

ఇంట్లో పెద్దవాళ్లకి శుక్లం ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే మనం మన సెలవులు చూసుకుంటాం, లెన్స్ రేటు చూసుకుంటాం, వాళ్ల కనురెప్పలు మాత్రం చూడం. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టించే బ్యాక్టీరియా చాలాసార్లు వాళ్ల రెప్పల మీద, కంటి పైపొర మీద ఉండేదే. కాబట్టి ఓ వారం ముందే వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. రెప్పల అంచున పొట్టు, కురుపు, పొద్దున్నే పుసులు, ఎప్పుడూ నీరు కారడం, ముక్కు పక్కన నొక్కితే చీములాంటిది రావడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకి చెప్పాలి. వాయిదా పడుతుందని దాచకండి. కొడుకు మళ్లీ సెలవు పెట్టాలని అమ్మలే దాచేస్తారు, అందుకే మీరే అడగండి. షుగర్ సంగతీ చెప్పండి.

ఆపరేషన్‌కి ముందు కంట్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేసి కనీసం 3 నిమిషాలు ఉంచుతారు. మనం బీటాడిన్ అంటామే, ఆ మందే. అన్ని జాగ్రత్తల్లోకీ గట్టివాటిలో ఇదొకటి. దాంతో ఎప్పుడైనా అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. చివర్లో కంటి లోపల యాంటీబయాటిక్ ఇస్తారా, ఒక్కొక్కరికి వేరే స్టెరిలైజ్ చేసిన పరికరాల సెట్ వాడతారా అని అడగడానికి మొహమాటపడకండి. 2016లో హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కంటిని కడిగే ద్రవంలోనే బ్యాక్టీరియా ఉండటంతో ఒకే రోజు ఆపరేషన్ అయిన పలువురికి ఇన్ఫెక్షన్ వచ్చింది. 2021 నవంబరులో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఒక్కరోజే 65 మందికి ఆపరేషన్ చేశాక వాళ్లలో పలువురికి కన్నే తీసేయాల్సి వచ్చింది. ఉచిత శిబిరమైనా ఈ ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది.

ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కునే చుక్కలు వేయండి, సీసా మూతి రెప్పకి తగలకూడదు. డాక్టరు సరే అనేదాకా తలస్నానం వద్దు. చనుబాలు, తేనె, నందివర్ధనం పూలు, కాటుక అస్సలు వద్దు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

అన్నిటికంటే ముఖ్యం, మొదటి వారం. నిన్న బాగానే ఉన్న కన్ను ఇవాళ నొప్పెట్టినా, ఎర్రబడినా, రెప్ప వాచినా, చూపు మసకేసినా మందుల షాపుకి కాదు, రాత్రయినా సరే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. ఇలాంటప్పుడు కంటి లోపలికే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తుంది, గంటలు గడిచేకొద్దీ చూపు దక్కే అవకాశం తగ్గిపోతుంది. పెద్దవాళ్లు నొప్పిని ఓర్చుకుని పడుకుంటారు, అడిగితే బాగానే ఉందంటారు. అందుకని పూటకోసారి రెండో కన్ను మూయించి, మీ వేళ్లు ఎన్నో చెప్పమనండి.