లా విద్యార్థికి ఇంటర్న్‌షిప్ దొరకట్లేదా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

ఏప్రిల్ వచ్చిందంటే మా వకీలు ఆఫీసు మెయిల్ లా విద్యార్థుల దరఖాస్తులతో నిండిపోతుంది. వాటిని తెరిచి చూసే పని నాది. పదేళ్ల కిందట అలాంటి మెయిళ్లే పంపి, జవాబు రాక, "ఈ లైన్లో మనకెవరూ లేరు కాబట్టే ఇలా" అని తేల్చేసుకున్న బాపతు నేను. ఇటువైపు కూర్చున్నాక అర్థమైంది. తెలిసినవాళ్లు లేక పోయే అవకాశాలు కొన్నే. తప్పు నెలలో, తప్పు చోట, ఏమీ చెప్పని మెయిల్ పెట్టి పోగొట్టుకునేవే ఎక్కువ.

సమస్య: అరవై మెయిళ్లు పంపాను, ఒక్క జవాబూ లేదు

కారణం: అరవై మందికీ ఒకే మెయిల్ వెళ్లింది. మొన్న మాకొచ్చిన ఒకదాంట్లో పైన వేరే ఆఫీసు పేరు అలాగే ఉండిపోయింది. మా "ప్రతిష్ఠాత్మక సంస్థ" గురించి ఆరు లైన్లు, నాలుగు పేజీల రెజ్యూమె, అందులో స్కూల్లో వచ్చిన వ్యాసరచన బహుమతి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలడో మాత్రం ఎక్కడా లేదు. చదివే మనిషి కోర్టు నుంచి అలిసిపోయి వచ్చి, మర్నాటి వాయిదాల ఫైళ్లు ముందేసుకుని, ఫోన్లో చూస్తాడు.

పరిష్కారం: ఐదు లైన్లు చాలు. "మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రెండో సంవత్సరం. జూన్ 9 నుంచి జులై 4 దాకా రోజూ రాగలను. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) పేపరు అయిపోయింది. మీరు భూమి దావాలు ఎక్కువగా చూస్తారని విన్నాను, మా తాతగారి పొలం కేసు పుణ్యమా అని పహాణీలు (భూమి రికార్డులు) చదవడం వచ్చు. ఒక పేజీ రెజ్యూమె జత చేశాను." మెయిల్ రాసేది ఇంగ్లీషులోనే, కానీ సరుకు ఇది. వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

జిల్లా కోర్టుల్లో అయితే మెయిల్ సంగతి మర్చిపోండి. సాయంత్రం ఆరు దాటాక రెజ్యూమె ప్రింటు పట్టుకుని ఆఫీసుకే వెళ్లండి. పొద్దున పదింటికి కోర్టు వరండాలో వకీలుని ఆపారంటే మాత్రం మీ పని అయిపోయినట్టే.

సమస్య: మేలో దొరికింది, కానీ కోర్టే లేదు

కారణం: హైకోర్టుకూ, జిల్లా సివిల్ కోర్టులకూ మే నెల దాదాపు మొత్తం వేసవి సెలవులు. వెకేషన్ కోర్టులో అత్యవసరమైనవే వింటారు. కాలేజీ సెలవులూ అప్పుడే కాబట్టి అందరూ ఆ నెలే అడుగుతారు. సీనియర్ ఊటీలో, మీరు ఆఫీసులో ఫ్యాన్ కింద.

పరిష్కారం: మేలో డ్రాఫ్టింగ్, రీసెర్చ్ ఉండే చోటికి వెళ్లండి. లా ఫర్మ్‌లు, కంపెనీల లీగల్ విభాగాలు, ఎన్జీవోలు అలాంటివే. పెద్ద ఫర్మ్‌లకైతే నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. రిమాండ్, బెయిల్ పనులు సెలవులకు ఆగవు కాబట్టి క్రిమినల్ వకీలు దగ్గర మే కూడా బాగానే గడుస్తుంది. కోర్టు హాల్లో నిలబడి నేర్చుకోవాలంటే జూన్, జులై అడగండి.

ఇంకో లెక్క కూడా ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం కోర్సు మొత్తంలో మూడేళ్లవాళ్లకు కనీసం 12 వారాలు, ఐదేళ్లవాళ్లకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. ట్రయల్ కోర్టు వకీలు దగ్గర, అప్పీళ్లు చూసే వకీలు దగ్గర ఒక్కసారైనా చేసి ఉండాలి. మూడేళ్ల కోర్సుకి మధ్యలో వచ్చేవి రెండే వేసవులు. మొదటిది నిద్రపోయి గడిపేస్తే ఆఖర్లో టెన్షన్ తప్పదు.

సమస్య: చేరాను, కానీ ఖాళీగా కూర్చోబెడుతున్నారు

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నేను తొమ్మిది రోజులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

కారణం: సీనియర్‌కి మీ మీద కోపమేమీ లేదు. మీకు పని చెప్పాలంటే ముందు కేసు వివరించాలి, అంత టైము ఆయనకు లేదు. నన్ను గట్టెక్కించింది గుమస్తా గారు. పదో రోజు సాయంత్రం మర్నాటి కాజ్ లిస్ట్ (ఆ రోజు కోర్టులో వచ్చే కేసుల జాబితా) నా ముందు పడేసి, "మన కేసులు ఎక్కడెక్కడున్నాయో చూడు బాబూ" అన్నారు. సార్ పేరు వెతుక్కుంటూ ఒక తెల్లకాగితం మీద కోర్టు హాలు, ఐటమ్ నంబరు, కేసు ఏ దశలో ఉంది (కౌంటర్‌కా, అంటే ఎదుటి పక్షం జవాబుకా, సాక్ష్యానికా, వాదనలకా) అన్నీ రాశాను. పద్నాలుగు కేసులు, నాలుగు హాళ్లు. రెండు కేసులు ఒకే వేళకి పిలిచేలా ఉన్నాయని అప్పుడే కనబడింది. మర్నాడు ఐటమ్ 11 దగ్గరపడుతుంటే మెట్లు దిగి పక్క హాలుకి పరుగెత్తి సార్‌కి చెప్పింది నేనే. ఆ సాయంత్రమే మొదటి ఫైలు చేతికొచ్చింది.

పరిష్కారం: "ఏదైనా పని ఉందా సార్" అనకండి. "ఈ ఫైలుకి తేదీల పట్టిక రాసివ్వనా సార్?" అనండి. దావా ఎప్పుడు వేశారు, నోటీసు ఎప్పుడు అందింది, ఏ ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) మీద ఏ ఆర్డరు వచ్చింది, అది ఫైల్లో ఎన్నో పేజీలో ఉంది, అంతా ఒక్క పేజీలో. వాదించేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే ఏ సీనియర్ కూడా మిమ్మల్ని మర్చిపోడు. గుమస్తా గారిని "అన్నా" అనో "బాబాయ్" అనో పిలిచి, ఫైలింగ్‌కి ఆయన వెంట వెళ్లండి. రిజిస్ట్రీ (కోర్టులో పేపర్లు తీసుకునే ఆఫీసు) అభ్యంతరం పెట్టి పేపర్లు ఎందుకు వెనక్కి పంపుతుందో ఏ క్లాసులోనూ చెప్పరు.

అన్నట్టు, నల్లకోటు, నల్ల టై ఓకే. మెడకు కట్టే తెల్ల బ్యాండు, గౌను వకీలుగా ఎన్‌రోల్ (బార్ కౌన్సిల్లో నమోదు) అయినవాళ్లకే. ఫొటో కోసం కూడా వేయకండి.

సమస్య: తెలుగు మీడియం, ఇంగ్లీషు భయం

కారణం: హైకోర్టు వాదనలు విని బెదిరిపోవడం.

పరిష్కారం: ఆ హైకోర్టులోనే తెలుగు దస్తావేజు వేయాలంటే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. ఎఫ్ఐఆర్, వాంగ్మూలం, 1970ల నాటి చేతిరాత విక్రయ దస్తావేజు చదివి తిన్నగా అర్థం చెప్పగలిగినవాళ్లు సిటీ ఆఫీసుల్లో తక్కువ. ఇంగ్లీషులో గలగలా మాట్లాడే పిల్లలు "చతుస్సీమ" (స్థలానికి నాలుగు వైపుల హద్దులు) అనే మాట దగ్గర ఆగిపోవడం నేను చూశాను. అక్కడ మొదలుపెట్టండి. అనువాదం చేస్తూ చేస్తూ డ్రాఫ్టింగ్ ఇంగ్లీషు అదే పట్టుబడుతుంది.

సమస్య: కుటుంబంలో వకీళ్లెవరూ లేరు

కారణం: నేరుగా పేరున్న ఆఫీసులనే అడగడం.

పరిష్కారం: పేదలకు ఉచితంగా న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లాకీ ఉంది. తెలంగాణ రాష్ట్ర సంస్థ హైదరాబాద్ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో ఉంది. కాలేజీ లెటరు తీసుకుని కార్యదర్శికి అర్జీ ఇవ్వండి. లోక్ అదాలత్‌లో రాజీలు ఎలా కుదురుతాయో చూస్తారు, ప్యానెల్ వకీళ్లు పరిచయమవుతారు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (పేద నిందితుల తరఫున ఉచితంగా వాదించే వకీళ్ల) ఆఫీసులో అయితే క్రిమినల్ ట్రయల్ కళ్లారా చూడొచ్చు.

సమస్య: సర్టిఫికెట్‌కి డబ్బు అడుగుతున్నారు

కట్టకండి. ఇంట్లో కూర్చుని నాలుగు వీడియోలు చూస్తే వచ్చే కాగితం విలువ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. నిజంగా పనిచేసినచోట సర్టిఫికెట్ ఆలస్యమైతే, తేదీలతో మీరే టైపు చేసి గుమస్తా గారికి ఇవ్వండి. లెటర్‌హెడ్ మీద సంతకమై వస్తుంది.

సమస్య: డిగ్రీ అయిపోతోంది, ఆఫర్ లేదు

కారణం: క్యాంపస్ ప్లేస్‌మెంట్లు కొన్ని జాతీయ లా యూనివర్సిటీలకూ, కొద్దిపాటి ప్రైవేటు కాలేజీలకూ దక్కేవి. మిగతావాళ్లు వాటి కోసం ఎదురుచూసి ఏడాది పోగొట్టుకుంటున్నారు.

పరిష్కారం: ముందు ఎన్‌రోల్‌మెంట్. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకైతే 125కి మించకూడదు. తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

జడ్జి పరీక్ష మనసులో ఉంటే ఇంకో సంగతి చూసుకోండి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్ష పాసయ్యే ముందు ఉండేది) నుంచే మొదలవుతుంది, జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. ఫుల్‌టైమ్ జీతానికి కంపెనీలో చేరితే మాత్రం ప్రాక్టీసు ఆపుకోవాలి, మీ మూడేళ్ల లెక్కా అక్కడే ఆగుతుంది.

ఇక డబ్బు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వడం మంచిదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసే, తప్పనిసరి కాదు. అందుకే చేరేముందే అడగాలి. "నెలకు ఎంత అనుకోవచ్చు సార్?" అనే మాట నోటికి రాక, నేను పద్నాలుగు నెలలు బస్ పాస్ డబ్బులు నాన్న దగ్గరే తీసుకున్నాను. పోయినేడు మా ఆఫీసులో చేరినమ్మాయి మొదటి రోజే అడిగేసింది. సార్ కళ్లజోడు తీసి, కాసేపు ఆలోచించి, ఒక అంకె చెప్పారు. ఆమె "ఆరు నెలల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం సార్" అంది. సరేనన్నారు.