ఇంట్లో ట్యూనింగ్ చేశాక బండి మిస్ కొడుతోందా? మళ్లీ విప్పే ముందు ఇవి చూసుకోండి

• ఇంజన్ అరగంట చల్లారనివ్వండి. బెజవాడ మే నెల ఎండలో అయితే ఇంకాసేపు. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు పడితే ఆలోచించే టైం ఉండదు.

• పెట్రోల్ ట్యాప్ ఆఫ్. పక్కన దోమల కాయిల్ కూడా ఉండకూడదు.

• స్టార్ట్ చేసి చూసేది ఆరుబయటే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

• కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బండి అయితే దాని ఎయిర్ స్క్రూని, అంటే ఆ కలయికను సరిచేసే స్క్రూని, మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకుని, మళ్లీ అన్నే చుట్లు విప్పండి. ఆగాక బలం పెడితే దాని మొన పాడవుతుంది. నేనోసారి ఆ లెక్క రాసుకోలేదు. బండి నెట్టుకుంటూ ఆటోనగర్ దాకా వెళ్లాను, చెమటలు కక్కుకుంటూ.

• 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మేవి. వాటి జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే నయం.

• స్పార్క్ ప్లగ్ (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) విప్పి చూస్తే, దాని మీద పొడి నల్ల మసి ఉంటే సాధారణంగా పెట్రోలు ఎక్కువవుతోందని, మరీ తెల్లగా ఉంటే గాలి ఎక్కువని. తిరిగి పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పండి. అది కూర్చునే మరలు (త్రెడ్) పోతే ఇంజన్ హెడ్‌కి ఖర్చు.

• కడిగిన ఫోమ్ ఎయిర్ ఫిల్టర్ ఆరిందా? ఏదైనా రబ్బరు పైపు ఊడిందా?

• ఒక్కసారికి ఒక్కటే మార్చి, నడిపి చూడండి.