లిఫ్ట్ వేశాక స్టీరింగ్ కుదరకపోతే: జీప్ రాంగ్లర్ జేకేలో తప్పు పట్టుకునే వరస

రెండున్నర, మూడంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) వేసి, 35 అంగుళాల టైర్లు బిగించి రోడ్డెక్కాక స్టీరింగ్ గురించి వినిపించే ఫిర్యాదులు ముఖ్యంగా నాలుగు. బండి తిన్నగానే పోతున్నా స్టీరింగ్ వీల్ ఒక పక్కకు వంగి ఉంటుంది. ఫ్రీవే మీద బండి లేన్‌లో నిలవదు, క్షణక్షణం సర్దుతూ ఉండాలి. గతుకులో పడగానే స్టీరింగ్ దానంతటదే పక్కకు కొడుతుంది. నాలుగోది భయపెట్టేది: 45–55 మైళ్ల వేగంలో బ్రిడ్జి అతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ అదుపు లేకుండా ఊగిపోతాయి. జీపు వాళ్లు దీన్నే డెత్ వాబుల్ అంటారు.

ఏది వచ్చినా చాలామంది ముందు కొనేది కొత్త స్టీరింగ్ స్టెబిలైజర్. దయచేసి ఆ పని చేయకండి. స్టెబిలైజర్ ఊపును అణుస్తుందే గానీ లూజైన జాయింటును బిగించదు. అసలు తప్పు లోపల ముదురుతుంది, స్టెబిలైజర్ అరిగిన రోజు రెట్టింపై బయటపడుతుంది.

ఇక్కడి కొలతలు జేకేవి, అంటే 2007–2018 తరం రాంగ్లర్‌వి. రామ్ 2500, ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులకూ ముందు సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) కాబట్టి వెతికే పద్ధతి అదే. బోల్టు సైజులు, టార్కులు మాత్రం ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. టకోమా, ఎఫ్-150 లాంటి ఇండిపెండెంట్ సస్పెన్షన్ బండ్లకు ట్రాక్ బారే (యాక్సిల్ పక్కకు జరగకుండా ఫ్రేముకు కట్టే కడ్డీ) ఉండదు, వాటి దారి వేరు. ఇండియాలో మారుతి జిమ్నీకి ముందు సాలిడ్ యాక్సిలే ఉంది గానీ, కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండి నిర్మాణం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఈ పని మొదలుపెట్టే ముందే ఆ సంగతి తేల్చుకోవాలి.

ముందు లూజు పట్టుకోండి

అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. నాలుగు టైర్లూ నేల మీదే ఉండాలి, జాక్ వద్దు. గేరు పార్కులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆన్ చేయండి. స్టెబిలైజర్ ఒక చివర విప్పేస్తే జాయింట్లలోని చిన్న ఆట (లూజు) కూడా దాగదు. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ పావు చుట్టు చొప్పున వేగంగా తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు ముందు భాగం కింద, చక్రాల దారికి అడ్డం రాకుండా పడుకుని ఒక్కో జాయింటునూ చూడాలి.

కంటితో చూస్తే సరిపోదు, వేళ్లతో పట్టుకోవాలి. ట్రాక్ బార్ చివర మీద ఒక వేలు, దాన్ని పట్టుకున్న బ్రాకెట్ మీద ఇంకో వేలు ఆనించండి. రెండూ కలిసి కదిలితే మంచిదే. వేళ్ల మధ్య టిక్కుమని తగిలితే అక్కడే తప్పుంది. యాక్సిల్ వైపు బోల్టు దగ్గర ఎక్కువసేపు ఆగండి. బోల్టు తల కదలకపోయినా లోపలి స్లీవు (బోల్టు దూరే ఇనుప గొట్టం) బ్రాకెట్ రంధ్రంలో జరుగుతూ ఉండొచ్చు. విప్పి చూస్తే బోల్టు మెడ మీద మెరిసే రాపిడి గీత, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తాయి, రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగి ఉంటుంది. లిఫ్ట్ వేసేటప్పుడు ఆ బోల్టు చేతి అంచనాతో బిగించిన బండ్లలో ఇది మామూలే. జేకే ట్రాక్ బార్ బోల్టుకు 125 ఫుట్-పౌండ్ల టార్క్ కావాలి.

రంధ్రం కొద్దిగానే సాగితే, 14 మిల్లీమీటర్ల ఫ్యాక్టరీ బోల్టు బదులు 9/16 అంగుళాల గ్రేడ్ 8 బోల్టు వేస్తే బిగుతుగా కూర్చుంటుంది. అప్పుడు బుష్ (జాయింటులోని రబ్బరు) స్లీవును కూడా ఆ సైజుకు తెరవాలి. బాగా సాగిపోతే బ్రాకెట్‌కు వెల్డింగే మార్గం, బోల్టు ఎంత బిగించినా మళ్లీ లూజవుతుంది.

అదే పద్ధతిలో పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు తిప్పే చేయి), దాన్ని చక్రానికి కలిపే డ్రాగ్ లింక్ రెండు చివరలు, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ చివరలు, ఫ్రేముకు స్టీరింగ్ బాక్సు బోల్టులు, యాక్సిల్‌ను ముందూ వెనకా కదలకుండా పట్టే కంట్రోల్ ఆర్మ్‌ల బుష్‌లు చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి, యాక్సిల్ కింద జాక్ స్టాండ్ పెట్టి చక్రం లేపండి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట వస్తే బాల్ జాయింటో వీల్ బేరింగో. అటూ ఇటూ పట్టుకుని ఊపితే వస్తే టై రాడ్ చివర. టైరు కింద కడ్డీ పెట్టి పైకి ఎత్తినప్పుడు నకిల్ (చక్రాన్ని మోసే భాగం) నిలువునా కదిలితే కింది బాల్ జాయింట్ పని అయిపోయినట్టే. ఫ్యాక్టరీ బాల్ జాయింట్లకు 35 అంగుళాల టైర్లు పెద్ద భారం.

కంట్రోల్ ఆర్మ్ బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించారేమో గుర్తు చేసుకోండి. రబ్బరు బుష్ స్లీవు బిగించిన కోణంలోనే నిలిచిపోతుంది. బండి దిగగానే రబ్బరు మెలితిరిగి, కొద్ది నెలల్లో చీలుతుంది. ఆ బోల్టులన్నీ ఒకసారి వదులు చేసి, బండి బరువు టైర్ల మీద ఉండగా మళ్లీ బిగించాలి.

యాక్సిల్ మధ్యకు, తర్వాతే స్టీరింగ్ వీల్

ట్రాక్ బార్ పొడవు మారదు, బండి మాత్రం లేచింది. దాంతో ముందు యాక్సిల్ డ్రైవర్ వైపు జరుగుతుంది, ఎందుకంటే ఫ్రేముకు బారు పట్టుకున్నది ఆ వైపే. రెండున్నర అంగుళాల లిఫ్ట్‌కు ఇది దాదాపు అర అంగుళం. రెండు వైపులా ఫ్రేము నుంచి టైరు లోపలి అంచుకు కొలవండి. తేడాలో సగమే యాక్సిల్ జరిగిన దూరం. అడ్జస్టబుల్ ట్రాక్ బార్‌ను ఆ సగం మేరకే పొడిగించాలి. బోల్టు రంధ్రం కలవకపోతే సుత్తి అక్కర్లేదు: ఇంజిన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్ మెల్లగా తిప్పితే బాడీ పక్కకు జరిగి రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. ఆ సమయంలో రంధ్రంలో వేలు పెట్టకండి.

వంగిన స్టీరింగ్ వీల్‌ను సరిచేసేది ఆ తర్వాత. ఈ వరస తప్పితే పని రెండుసార్లు చేయాలి, ఎందుకంటే ట్రాక్ బార్ మార్చిన ప్రతిసారీ వీల్ మళ్లీ వంగుతుంది. డ్రాగ్ లింక్ మీది స్లీవు క్లాంపు నట్లు 15 మిల్లీమీటర్ల సాకెట్‌తో వదులు చేసి, స్లీవును కొద్దికొద్దిగా తిప్పుతూ వీల్ మధ్యకు తెచ్చి, క్లాంపులు బిగించి, తిన్నటి రోడ్డు మీద చూసుకోవాలి. ఇది అందానికి చేసే పని కాదు. వీల్ వంగి ఉంటే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ బండి మలుపులో ఉందనుకుంటుంది, ఈఎస్‌పీ (బండి జారకుండా కాచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) తిన్నటి రోడ్డు మీదే ఒక చక్రానికి బ్రేకు వేయొచ్చు, ఇంజిన్ బలం తగ్గించొచ్చు.

గతుకులో స్టీరింగ్ కొట్టడం

ముందు నుంచి చూస్తే డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ ఒకే వాలులో, సమాంతరంగా కనిపించాలి. స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు రెండూ ఒకే వంపులో కదిలితేనే చక్రం తిన్నగా ఉంటుంది. కిట్‌తో వచ్చింది కదా అని డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ ఒక్కటే వేస్తే డ్రాగ్ లింక్ వాలు మాత్రమే మారి ఈ జబ్బు మొదలవుతుంది. మూడంగుళాల లోపు లిఫ్ట్‌కు ఫ్యాక్టరీ పిట్‌మన్ ఆర్మ్ ఉంచేయండి. అంతకు మించితే డ్రాగ్ లింక్‌ను నకిల్ పైభాగానికి మార్చి, యాక్సిల్ వైపు ట్రాక్ బార్ బ్రాకెట్‌ను కూడా ఎత్తాలి. రెండూ కలిసే చేయాలి, ఆ బ్రాకెట్‌ను వెల్డ్ చేయిస్తేనే మంచిది.

లేన్‌లో నిలవకపోవడం: టో, కాస్టర్

టో, అంటే ముందు టైర్లు లోపలికో బయటికో చూసే తీరు, ఇంట్లోనే కొలవొచ్చు. రెండు ముందు టైర్ల మీద ఒకే గాడిలో, హబ్ ఎత్తులో చాక్‌తో గుర్తు పెట్టి, ముందు వైపు టేపుతో దూరం కొలవండి. గుర్తులు వెనక్కి వచ్చేదాకా బండిని ముందుకు తోసి మళ్లీ కొలవండి. ముందు కొలత 1/16 నుంచి 1/8 అంగుళం తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే టైర్లు బయటికి చూస్తున్నట్టు, బండి ప్రతి గాడినీ పట్టుకుని పోతుంది. టై రాడ్ తిప్పి సరిచేయండి.

కాస్టర్‌కు (చక్రం పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) అలైన్‌మెంట్ షాపు ప్రింటవుట్ అడిగి తీసుకోండి. జేకేకు ఫ్యాక్టరీ కాస్టర్ 4.2 డిగ్రీలు, సరిదిద్దే భాగాలు లేకుండా లిఫ్ట్ వేస్తే అది తగ్గిపోతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే అనుమానం దీని మీదే. పెద్ద టైర్లకు 5 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. జామెట్రీ బ్రాకెట్లతో (కంట్రోల్ ఆర్మ్ బిగించే చోటును కిందికి దింపేవి) గానీ, పొడవైన అడ్జస్టబుల్ లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లతో గానీ తేవచ్చు. ఆశపడి 7కు తీసుకెళ్లొద్దు: కాస్టర్ పెరిగేకొద్దీ పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ యాక్సిల్‌కు చేరే చోటు) కిందికి వంగుతుంది, ముందు డ్రైవ్‌షాఫ్ట్ వణుకు మొదలవుతుంది, జాయింటు బూటు చిరిగి గ్రీజు చిమ్ముతుంది.

టైరు గాలి కూడా చూడండి. తేలికైన జేకేలో 35 అంగుళాల టైర్లకు డోరు మీది 37 పీఎస్‌ఐ ఎక్కువ. 26–30 మధ్య చాలు. బ్యాలెన్స్ కుదరని టైరు మంచి జాయింటుకు కూడా వాబుల్ అంటించగలదు.

నడిరోడ్డు మీద వాబుల్ వస్తే

గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసి, వీల్ గట్టిగా పట్టుకుని, వేగం తగ్గుతుండగా షోల్డర్‌కు (రోడ్డు అంచుకు) చేర్చండి. స్టీరింగ్‌ను ఎదురు తిప్పి ఆపాలని చూడకండి. మళ్లీ అదే వేగానికి వెళ్లకుండా ఇల్లు చేరి, ట్రాక్ బార్ బోల్టుల నుంచి పరీక్ష మొదలుపెట్టాలి.

స్టీరింగ్ బరువుగా ఉండి కూత పెడుతుంటే పంపులోకి గాలి చేరి ఉంటుంది. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు మెల్లగా తిప్పుతూ ఏటీఎఫ్+4 ఆయిలు నింపండి. అంతా అయ్యాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి బ్రేకు పైపులు, ఏబీఎస్ తీగలు ఎక్కడా సాగడం లేదని చూసుకోండి. 50 మైళ్లు నడిపాక ఒకసారి, 500 మైళ్లకు మరోసారి ప్రతి బోల్టుకూ టార్క్ రెంచ్ పెట్టండి. పెయింట్ పెన్నుతో నట్టుకూ బ్రాకెట్‌కూ కలిపి గీత గీస్తే, తర్వాత ఏది జరిగిందో కింద కూర్చోగానే తెలుస్తుంది.